ఆడి నెల చక్కెర

నడివానల ఆడి నెలలో మా ఊరు పనవిళైలో ఆకాశం రబ్బరు తోటల మీదికి వంగి తడి గోనెలా వేలాడుతుంది. పువ్వు కనపడదు. కనపడ్డ పువ్వులో తేనె ఉండదు, వాన కడిగేసి ఉంటుంది. పెట్టెల్లో మేం పెంచే తేనెటీగలు ఒకదాన్నొకటి పట్టుకుని వెచ్చగా ముడుచుకుని, ఎండలు మొదలయ్యే మాసి నెలలో దాచుకున్నదంతా ఏమైందా అని వెతుక్కుంటాయి. అది మేం ఎప్పుడో తీసి సీసాల్లో పోసి అమ్మేసుకుని ఉంటాం. అందుకని వానల్లో వాటికి చక్కెర పాకం పెట్టాలి. పెట్టకపోతే ఓ ఉదయం మూత తీసి చూసేసరికి ఎండిన మైనపు అరలు మాత్రం మిగిలి ఉంటాయి, ఈగలు ఇల్లు వదిలి పోయి ఉంటాయి.

ఊళ్ళో పాకం పెట్టని ఇల్లు లేదు. పెడతామని చెప్పిన ఇల్లూ లేదు.

చక్కెర ఎవరూ మా కూడలి కొట్లో కొనరు. బస్సెక్కి వేరే ఊరు పోయి, బియ్యం సంచిలో పోయించుకుని, దారిలో అడిగినవాళ్ళకి బియ్యమేనని చెబుతూ తెచ్చుకుంటారు. సంచి మంచం కిందికి పోతుంది. పొద్దు వాలాక పాకం కొబ్బరి చిప్పల్లో పోసి, ఈగలు మునిగిపోకుండా కొబ్బరి పీచు వేసి, మూతల కింద పెడతారు. ఆ వేళకే పెట్టడానికి అసలు కారణం వేరే ఉంది. పగలు పాకం వాసన తగిలితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. కానీ ఏళ్ళ తరబడి దాచగా దాచగా, ఆ మసక వెలుతురు ఈగల మేలు కోసమో మా సిగ్గు కోసమో ఊరు మరిచిపోయింది.

తంకబాయి కూడా మరిచిపోయింది.

తంకబాయి ఇల్లు మా పక్కిల్లే. మధ్యన మందారాల కంచె. ఆమె భర్త జబమణి తెల్లవారకముందే తలకి దీపం కట్టుకుని పాలు తీసేందుకు రబ్బరు చెట్లకి గీత పెట్టడానికి పోతాడు. వానల్లో గీత ఆగిపోతుంది. అప్పుడు ఆ ఇల్లు నడిచేది తంకబాయి సీసాల మీదే. తేనె, తేనెలో ఊరిన ఉసిరికాయలు, తేనెలో నానబెట్టిన చిట్టి కాంతారి మిరపకాయలు, ఇంకా పగిలిన మడమలకి మైనమూ కొబ్బరినూనే కలిపి కాచిన లేపనం. అన్నీ ఒకే పొయ్యి మీద. మైనం కరిగే రోజున ఆ ఇంట్లోంచి వచ్చే వాసన ఎండలో తెరిచిన పాత చెక్కపెట్టెలా ఉంటుంది. కంచె ఇవతల నిలబడి కళ్ళు మూసుకుంటే వాన వెలిసినట్టే అనిపిస్తుంది.

ఆమె అత్త జ్ఞానాబరణానికి ఆ వాసన పడదు.

"నిన్న చేపల పులుసులో మైనం. ఇవాళ మైనంలో చేపల పులుసు. రేపు అన్నంలో ఏది కలుపుకోవాలో, కాళ్ళకేది రాసుకోవాలో నువ్వే చెప్పమ్మా."

"రెండూ రాసుకో అత్తా. పిల్లులన్నా వెంట పడతాయి."

"మీ మామ ఉన్నప్పుడు ఆ పని ఆయన చేసేవాడులే."

వాళ్ళ పోట్లాట ఇలాగే ఉంటుంది. నవ్వుతున్నారో కొట్టుకుంటున్నారో కంచె ఇవతలి వాళ్ళకి అర్థం కాదు.

ఆ ఏడు ఆడిలో సెల్విన్ ముదలాళి ఉసిరి సీసాల కోసం వచ్చాడు. కన్యాకుమారి పోయే కార్లు ఆగే పెద్ద కొట్టు అతనిది. మా చుట్టుపక్కల ఇళ్ళ తేనె చాలావరకూ అక్కడికే పోతుంది, తంకబాయిదైతే మొత్తం అతనికే. ఎప్పుడూ చెప్పి వచ్చేవాడు, ఆ రోజు చెప్పకుండా వచ్చాడు. వరండాలో మూతి విప్పిన సంచి, దానిలో ముంచిన లోటా, పక్కనే పాకం కలుపుతున్న తంకబాయి.

"ఇదేంటి?"

"చక్కెర."

"ఎవరికి?"

"ఈగలకి. మీకు టీలోకి కావాలంటే ఓ చెంచా వేస్తా."

ముదలాళి నవ్వలేదు. వీధి వైపు చూసి గొంతు తగ్గించాడు. "కారులో వచ్చేవాళ్ళు ఇప్పుడు మొదట అడిగేదే అది, చక్కెర తేనెనా అని. అందుకే ఇవి అచ్చు వేయించా." తన చేతిసంచిలోంచి ఓ కట్ట తీశాడు. పసుపు కాగితాలు, వాటి మీద బంగారు అక్షరాలు. 'చక్కెర ముట్టని ఈగల తేనె.' "మాసిలో ప్రతి సీసాకీ ఒకటి అంటించు. ఊరంతా తీసుకున్నారు."

"ఊరంతా పెడతారు కదన్నా చక్కెర?"

"పెట్టు. ఎవరొద్దన్నారు? పెట్టి, పెట్టలేదని అంటించు. కాగితానికి నోరుందా?"

"నాకుంది."

"తంకబాయీ..."

"ఆడిలో తిన్నది వాటి కడుపుకే చాలదు. మాసిలో తేనె రబ్బరు చిగుళ్ళలోంచి వస్తుంది. ఆకలేసిన పిల్లకి గంజి పోసి, పోయలేదని ఎందుకు చెప్పుకోవాలి?"

"అది నాకు తెలుసు, నీకు తెలుసు. కారులో వాడికి తెలీదు."

"తెలీకపోతే చెప్పండి."

"నేను నడిపేది కొట్టా, బడా?" కట్ట వరండా గట్టు మీద పెట్టాడు. "అంటిస్తే మాసిలో నా బండి వస్తుంది. లేకపోతే మీ గేటు ముందు ఆగదు. అంతే."

మధ్యాహ్నం ఉడికించిన కర్రపెండలం ముందు ముగ్గురూ కూర్చున్నారు. జబమణి పెండలం తుంచి ఉప్పులో అద్దుకున్నాడు. తరవాత, "కాగితం ముక్క. అంటిస్తే మనదేం పోతుంది?" అన్నాడు.

"అయితే ఒకటి నీ నుదుటి మీద అంటించుకో. 'కల్లు ముట్టని మొగుడు' అని."

"అది క్రిస్మస్‌కి ఒక్కసారే కదే!"

"మా ఈగలూ ఏడాదికి ఒక్క ఆడిలోనే తింటాయి."

జ్ఞానాబరణం ఎండుచేప ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టింది. "నేను కాపరానికొచ్చినప్పటి నుంచీ మంచం కిందే ఉంది ఆ సంచి. దాని మీదే పడుకుని ముగ్గురు పిల్లల్ని కన్నా. నాకు లేని నొప్పి నీకేంటి? ఇంత నిజం గుళ్ళో అయ్యగారు కూడా చెప్పరు."

తంకబాయి లేచి చెయ్యి కడుక్కుని, గుడ్డసంచి తీసుకుని మా కూడలి కొట్టుకి పోయింది. తిరిగొస్తుంటే ఎదురైన ప్రతివాళ్ళకీ, వాళ్ళు అడక్కముందే, "చక్కెరన్నా. మా ఈగలకి" అని చెబుతూ వచ్చింది. మా అన్న స్టీఫెన్ ఆ మాట విని, ఎవరో నడివీధిలో పైట జారవిడిచినట్టు మొహం తిప్పుకున్నాడు.

ఆదివారం వాన కాస్త తెరిపిచ్చింది. మబ్బు చీలి ఎండ పడింది, చాలా రోజుల తరవాత వచ్చిన చుట్టంలా, ఎక్కడ కూర్చోవాలో తెలీక తడి ఆకులన్నిటి మీదా కూర్చుంది. గుడి విడిచి జనం మా వీధిన నడిచి వస్తున్నారు. తెల్ల పంచెలు, పట్టుచీరలు, చేతుల్లో బైబిళ్ళు. తంకబాయి అందరికంటే ముందే ఇల్లు చేరింది. వీధి పక్కన వరసగా నిలబెట్టిన పెట్టెల మూతలన్నీ తీసి గడ్డి మీద పెట్టింది. అందరూ చూస్తుండగా చిప్పల్లో పాకం పోసింది.

"చూడండి! చక్కెరే! మన కూడలి కొట్లోనే కొన్నా! మీరంతా ఇంటికెళ్ళి పెట్టబోయేది ఇదే!"

ఆమె మెడ నిటారుగా ఉంది. ఆ క్షణాన ఆమెను చూస్తే, ఎండ ఆమె కోసమే వచ్చిందని ఎవరైనా నమ్మేవాళ్ళు.

మొదట వచ్చినవి మా పెట్టెల ఈగలే. తరవాత స్టీఫెన్ అన్న మామగారి తోటవి, ఆ పైన ఎవరివో. ఆకలి గొన్న ఊరి ఈగలన్నీ పాకం వాసన పట్టుకుని దిగాయి. ఆమె పెట్టెల ముందు గాలి నల్లబడింది. పాట పాడినట్టుండే ఆ రొద, గుడ్డ చింపినట్టు మారిపోయింది. ఒకదాని నడుం ఒకటి పట్టుకుని ఈగలు జంటలు జంటలుగా గడ్డి మీదికి రాలాయి.

అప్పుడు గుర్తొచ్చింది తంకబాయికి.

"మూతలు! మూతలెయ్యండి! నీళ్ళు తెండి!"

జబమణి గుడి పంచెతోనే దూకాడు. తడి గోనెలు కప్పాడు, పెట్టెల ద్వారాల్లో గడ్డి కుక్కాడు. జ్ఞానాబరణం పట్టుచీర మోకాళ్ళ పైకి దోపుకుని, బకెట్ ఎత్తి పెట్టెల మీదా కొడుకు మీదా కోడలి మీదా తేడా లేకుండా నీళ్ళు కుమ్మరించింది. మేం కంచె దూకి వెళ్ళేసరికి మూల పెట్టె పోయింది. అది మొదట్నించీ బలం లేనిది. అరలన్నీ చింపేసి ఉన్నాయి. రాణి ఈగ ఎక్కడుందో తెలీలేదు.

"నీ పౌరుషానికి మా ఈగలు కూడా చచ్చాయి!" మా అన్న అరిచాడు.

తంకబాయి ఎడమ కన్ను అప్పటికే వాచిపోయింది. రెండో కంటితో అతన్ని సూటిగా చూసింది.

"చచ్చాయన్నా. వేళ నేను తప్పాను. దానికి నువ్వేమన్నా పడతా. మాట మాత్రం తప్పు కాదు. సాయంత్రం మళ్ళీ పెడతా, మళ్ళీ అందరికీ చెప్పే పెడతా."

ఆ మధ్యాహ్నమంతా ఆమె చచ్చిన ఈగల్ని కొబ్బరి ఈనెల చీపురుతో ఊడ్చింది. తడి గడ్డిలో అవి పొట్టు కన్నా తేలిగ్గా ఉన్నాయి, చీపురుకే అంటుకుపోయాయి. పొద్దు వాలుతుంటే పొయ్యి దగ్గర చప్పుడైంది. పెదవి వాచి మాట సరిగ్గా రాని జ్ఞానాబరణం గిన్నెలో గరిటె తిప్పుతోంది.

"ఏంటత్తా?"

"కనపట్టంలా? పాకం." ముసలావిడ తల ఎత్తలేదు. "గుడికొచ్చినవాళ్ళంతా నా మోకాళ్ళే చూసేశారు. ఇంక చక్కెర దాచి ఏం లాభం? చిప్పలు తే."

మంచం కింది సంచి ఆ రోజు వంటింట్లోకి వచ్చింది, ఉప్పు డబ్బా పక్కకి. పసుపు కాగితాల కట్టతో జబమణి రోజూ పొయ్యి రాజేశాడు. ఊళ్ళో వాళ్ళెవరూ తంకబాయి దారి పట్టలేదు. వాళ్ళ సంచులు మంచాల కిందే ఉన్నాయి.

వానలు పోయాయి. రబ్బరు చెట్లు ఆకు రాల్చి, కొన్నాళ్ళు గీతలు గీసిన బొమ్మల్లా నిలబడి, రాగి రంగు చిగుళ్ళు తొడిగాయి. రబ్బరు తేనె పువ్వులోంచి రాదు. లేత ఆకు కాడ మీద, చెట్టు ఏదో తలుచుకుని కన్ను చెమ్మగిల్లినట్టు, చిన్న చుక్కగా ఊరుతుంది. మాసి నెలంతా తోట మీద పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకటే హోరు. తంకబాయి పెట్టెలు నిండాయి. తేనె అరల చట్రాలు డ్రమ్ములో పెట్టి జబమణి పిడి తిప్పుతుంటే, తేనె దారంలా దిగి సీసాల్లో చుట్టలు చుట్టుకుంది.

ముదలాళి బండి మా వీధికొచ్చింది, ఆమె గేటు దాటి ముందుకుపోయింది. మర్నాడు మాత్రం అతను ఒక్కడే నడిచి వచ్చాడు. ఆ ఏడు చాలా ఇళ్ళలో తేనె తక్కువ పడింది.

"సరేలే, నువ్వు అంటించకు. కాగితం లేని సీసాలే ఇవ్వు. అంటించేది కొట్లో మావాళ్ళు చూసుకుంటారు. నీ నోరు శుభ్రంగానే ఉంటుంది."

జబమణి ఆశగా భార్య వైపు చూశాడు. గోడ వారన సీసాలు ఎండ పడి దీపాల్లా ఉన్నాయి. ఆమె వాటి వైపు చాలాసేపు చూసింది. ఇచ్చేస్తుందనే అనుకున్నాం.

"ఎవరు అంటించినా అది కూర్చునేది నా తేనె మీదేగా అన్నా. ఇవ్వను."

"అయితే తాగు. అన్నీ నువ్వే తాగు."

"తాగుతాం. మిగిలితే కాళ్ళకి రాసుకుంటాం. మీరు మాత్రం టీ తాగి వెళ్ళండి."

అతను తాగకుండానే వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే జబమణి మోపెడ్ మీద సీసాల పెట్టెలు పెట్టి మార్తాండం బస్టాండుకి చేర్చాడు. తంకబాయి ఓ బల్ల వేసింది. జ్ఞానాబరణం ఎవరూ పిలవకుండానే వచ్చి పక్కన ముక్కాలి పీట వేసుకుంది. మొదట వచ్చినాయన సీసా ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు.

"చక్కెర సంగతేంటి?"

"తేనెలో లేదు. ఆడిలో పువ్వుండదని ఈగలకి పెట్టాం."

ఆయన సీసా దించి వెళ్ళిపోయాడు. ఆయన వెనక మరొకరు, ఆ వెనక ఓ కొత్త జంట.

"ముందు రుచి చూపించవే పిచ్చిదానా! నిజం తరవాత చెప్పొచ్చు."

"లేదత్తా. ముందు నిజం."

"నిజం తాగి బతుకుదాం అయితే."

ఎండ బల్ల మీదికొచ్చింది. నెత్తిన ఖాళీ గంపతో ఓ చేపలమ్మ బస్సు కోసం వచ్చి నీడలో ఆగింది. అడిగింది, అదే జవాబు వింది. అందరిలా కదిలి పోలేదు.

"పెడితే ఏమైంది? వల వెయ్యకూడని నెలల్లో మేమూ రేషన్ బియ్యమే తింటాం. తరవాత మా ఆయన పట్టుకొచ్చింది రేషన్ చేప అవుద్దా?"

ఓ సీసా తీసుకుని, గంపలో అరిటాకు మధ్య కూరుకుని బస్సెక్కింది. తంకబాయి ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. బల్ల కింద పెట్టెలు ఇంకా నిండుగానే ఉన్నాయి.

తిరువనంతపురం బస్సు వచ్చి ఆగింది. జనం దిగుతున్నారు. జ్ఞానాబరణం పీట మీంచి లేచి, పైట బిగించి, ఆ ముసలి గొంతులో ఉన్నదంతా తీసి బస్టాండు నాలుగు మూలలా వినపడేలా అరిచింది.

"రండమ్మా రండి! ఆడిలో చక్కెర తిన్న ఈగల తేనె! మా ఇంటి తేనె! కావాలంటే కొనండి, లేకపోతే పొండి!"