జపాను బొమ్మల సినిమా, కంబదూరు ఎద్దు

అరవైల్లో నేను అనంతపురంలో డ్రాయింగు మాస్టరుగా ఉండేవాణ్ణి. ఒక సెలవులో బెంగుళూరు వెళ్ళి జపాను వాళ్ళ బొమ్మల సినిమా చూశాను. గీసిన ఎద్దు తెరమీద ఊపిరి పీలుస్తుంటే చూసి, రెండో ఆటకూ టికెట్టు కొన్నాను. ఆ పిచ్చంతా టూరింగు టాకీసు నడిపే మా మేనమామ దగ్గర వెళ్ళబోసుకున్నాను. ఆయన వ్యాపారస్తుడు. ఎవరూ అడగని ఆ ప్రింటును చవగ్గా తెప్పించి, కంబదూరులో డేరా వేసి, నాకు కబురు పెట్టాడు. "ఆ భాష ఈడ ఎవురికి తెలుసురా? నువ్వే వచ్చి తెర పక్కన నిలబడి కథ చెప్పల్ల" అన్నాడు. అలా మొదలైంది నా ప్రయాణం.

పొద్దున బస్సెక్కితే కళ్యాణదుర్గానికి ఒకటిన్నర రూపాయి టికెట్టు, దుమ్ము ఉచితం. అక్కడ బస్సు మారి దక్షిణంగా కంబదూరు వెళ్ళాలి. రెండేళ్ళుగా వానలు లేవు. వేరుసెనగ చేలన్నీ ఎర్రగా, బోడిగా ఉన్నాయి. దారిలో ఇంజను వేడెక్కితే డ్రైవరు ఒక ఊళ్ళో నీళ్ళడిగాడు. బావి దగ్గరున్న ముసలామె బిందె పక్కకు జరుపుకుని, "మనుషులకే ల్యావు. నీ బండికి యాడ తెచ్చేదప్పా?" అంది. డ్రైవరు వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఇంజను చల్లబడేదాకా మేమూ కూర్చున్నాం.

మామ నాకు బస నారాయణప్ప అనే రైతు ఇంట్లో ఏర్పాటు చేశాడు. నారాయణప్ప, ఆయన భార్య లక్ష్మక్క, బసవడు అనే ఎద్దు, అంతే ఆ ఇల్లు. దాని జోడెద్దు ఎండాకాలంలో చచ్చిపోయిందట. లక్ష్మక్క నాకు రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. తన ముద్దలో సగం తీసి వాకిట్లో కుడితి తొట్టిలో కలిపి ఎద్దు ముందుకు తోసింది. అది ముట్టె ముంచి తాగుతుంటే డొక్కలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

"రేప్పొద్దున సంత. తోలుకుపోతాండా" అన్నాడు నారాయణప్ప, నా వైపు చూడకుండా.

"చిన్నదూడప్పటి నుంచి సాకినాం అయివారూ" అంది లక్ష్మక్క. "ఈడుంటే సచ్చిపోతాది. అమ్మితే యా దేశం పోతాదో."

పొద్దు గూకగానే ఆట మొదలైంది. నేల టికెట్టు పావలా. నారాయణప్ప దంపతులు ముందు వరసలోనే కూర్చున్నారు. కథ చిన్నది. కొండల్లో ఒక పల్లె. ఆ ఏడు విపరీతంగా మంచు పడి మేత దొరకదు. ఒక బీదరైతు తన ఎద్దును బేరగాడికి అమ్ముతాడు. అది తప్పించుకుని, మంచులో పడుతూ లేస్తూ ఇంటికి తిరిగొస్తుంది.

మొదటి పది నిమిషాలు నేను గొంతు చించుకున్నాను. "ఆ తెల్లగా రాలతాండేదేంది?" అని ఎవరో అడిగారు. మంచు అనీ, ఆకాశంలో నీళ్ళే అలా గడ్డకట్టి పడతాయనీ చెప్పాను. "అన్ని నీళ్ళు పడితే మేత ల్యాకపోవడమేందప్పా?" అన్నాడింకొకడు. డేరాలో ఎవరూ నవ్వలేదు. కానీ తెరమీది రైతు ఖాళీ గడ్డివామి చుట్టూ తిరిగి ఎద్దు మెడమీద చెయ్యి వేయగానే, నా కథ ఎవరికీ అక్కర్లేకపోయింది.

బేరం కుదిరి ఎద్దును అప్పగించేటప్పుడు డేరా అంతా ఒక్కసారి గొణిగింది. ఆ బొమ్మరైతు ఎద్దును మెడకున్న పలుపు తాడుతోనే ఇచ్చేశాడు. ఈ సీమలో ఎవరూ అలా ఇవ్వరు. కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకోవాలి. పాతది అమ్మినవాడి ఇంట్లోనే ఉండాలి, లేకపోతే దానివెంట లక్ష్మి వెళ్ళిపోతుందని నమ్మకం. "తెలివిలేనోడు, పలుపుతో ఇచ్చినాడు" అని వెనకనుంచి ఒకాయన విసుక్కున్నాడు. చివర్లో ఎద్దు మెడకు ఆ పలుపు వేలాడుతుండగా మంచులోంచి బయటపడినప్పుడు మాత్రం లక్ష్మక్క నెమ్మదిగా అంది: "అందుకే వచ్చినాది. ఇంటి పలుపు మెడలోనే ఉండాది గదా."

ఇంటికి నడుస్తుంటే ఆమె నన్నడిగింది, "అది జరిగిందేనా అయివారూ?"

"బొమ్మలక్కా. గీసినవి."

"చూడందే గీస్తారా?" అంది.

పొద్దున నారాయణప్ప వెంట సంతకు వెళ్ళాను. సంతనిండా బక్క ఎద్దులు, అమ్మేవాళ్ళే గాని కొనేవాళ్ళు లేరు. దళారి వచ్చి బేరం తేల్చి, కొత్త పలుపు బసవడి మెడకు వేసి, పాతది విప్పబోయాడు.

నారాయణప్ప అతని చెయ్యి పట్టుకున్నాడు. "అది తియ్యొద్దు. దాంతోనే తోలుకుపో."

"ఏమన్నా, మతి పోయిందా? ఇంట్లో లక్ష్మి పోతాదే."

"పోనీలే. ఇంగేముండాది పోను?"

దళారి నా వైపు చూశాడు. నారాయణప్ప కూడా చూశాడు. "అయివారూ, ఆ బొమ్మల్లో పలుపుతోనే గదా వచ్చె?" అవునన్నాను. బసవడు రెండు పలుపులతో సంత దాటి వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నారాయణప్ప చేతిలో పలుపు లేకుండానే ఇంటిదారి పట్టాడు.

సాయంత్రం బస్సుకని నేను సంచి సర్దుకుంటుంటే లక్ష్మక్క సంగటిలో సగం తీసి కుడితి తొట్టిలో కలిపి, వాకిట్లోకి జరిపింది. నారాయణప్ప చూశాడు, వద్దనలేదు. తరవాత ఎప్పుడో మామ అనంతపురం వచ్చినప్పుడు ఎద్దు వచ్చిందా అని అడిగాను. "యాడొస్తాదిరా" అన్నాడు. "ఆయమ్మ మాత్రం దినామూ కుడితి పెడతానే ఉండాది."

ఆ ఎద్దును గీసిన జపాను మనిషికి మన పలుపు సంగతి తెలియదు. కంబదూరుకు మంచు తెలియదు. అయినా ఆ బొమ్మ నేరుగా లక్ష్మక్క వాకిట్లోకి నడిచివచ్చింది. ఇంత దూరపు మనుషుల దుఃఖం ఒకటేనని అప్పుడు నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది. ఇప్పటికీ ఆ సినిమా మళ్ళీ చూసే ధైర్యం లేదు. మీరు కంబదూరు వైపు వెళితే తాగే నీళ్ళు వెంట తీసుకువెళ్ళండి. ఎద్దు లేని వాకిట్లో నిండు కుడితి తొట్టి కనిపిస్తే మాత్రం అందులో చెయ్యి కడగకండి.