పదకొండు గంటల టీ ఇరవై నిమిషాలు ఆలస్యం

ఇంటి నుంచే పని చేసుకోవచ్చని ఆఫీసువాళ్లు చెప్పిన రోజు నేను మొదట కొన్నది స్కెచ్ పెన్నులు. విదేశీ ఆసుపత్రుల బిల్లులు సరిచూసే ఉద్యోగం నాది. హైదరాబాదులో గది ఖాళీ చేసి పాల్వంచలో అత్తవారింటికి వచ్చేశాను. మా ఆయన భద్రాచలం అవతల అడవి పల్లెలో బడిపంతులు. ఏడింటికల్లా బండెక్కుతారు. ఇంట్లో మిగిలేది నేనూ, మా మామయ్యా.

రోజు చెయ్యి జారిపోకుండా ఉండాలంటే పట్టిక రాసుకోవాల్సిందే అనుకున్నాను. ఆఫీసు పనికి నీలం, వంటకు ఎరుపు, నడకకు ఆకుపచ్చ. మొదటి రోజు గీతలు గీసి రంగులేసేసరికి పదిన్నర. తొమ్మిదింటి పని ఎప్పుడో దాటిపోయింది. మనసు కుదుటపడటానికి అడుగున ‘పట్టిక రాయడం’ అని చేర్చి, దానికి టిక్కు పెట్టుకున్నాను.

రెండు వారాలు గడిచినా టిక్కులు ‘పళ్లు తోముకోవడం’ దగ్గరే ఆగేవి. మిగిలినవి మరునాటి పట్టికలోకి వలసపోయేవి. ‘చీరకు ఫాల్ కుట్టించడం’ అలా పన్నెండు పట్టికలు తిరిగింది.

మామయ్య బస్టాండులో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. బస్సుల రాకపోకలు రాసుకోవడం, మైకులో చెప్పడం ఆయన పని. ఒకనాడు ఫ్రిజ్‌కు అంటించిన నా పట్టిక ముందు నిలబడి, కళ్లజోడు పైకీ కిందికీ జరుపుతూ మొత్తం చదివారు.

“ఇది టైంటేబుల్ గాదు బిడ్డా, మొక్కుల చిట్టా.”

“ఏం తప్పుంది మామయ్యా?”

“అంత రన్నింగ్ టైమే పెట్టినవ్. హాల్టింగ్ ఏది? పెనుబల్లి కాడ టీకి ఆగనియ్యకుంటే ఏ డ్రైవరన్న సత్తుపల్లి దాక సక్కగ నడుపుతడా?”

సాయంత్రానికి అట్టపెట్టె చింపి కొత్త బోర్డు తయారు చేశారు. బయలుదేరు వేళ, చేరు వేళ, ఆగు చోట్లు. కుక్కరు ఎక్స్‌ప్రెస్. బట్టల మెషీన్ ఆర్డినరీ. నా నడక ‘డిమాండును బట్టి’. మర్నాటి నుంచి స్టీలు గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుని ప్రకటనలు మొదలుపెట్టారు. మామూలుగా ‘గిట్ల, గట్ల’ అనే మనిషి, గ్లాసు పట్టుకోగానే అచ్చమైన గ్రాంథికంలోకి దిగిపోయేవారు.

నిజం చెప్పాలంటే నాలుగు రోజులు పని బ్రహ్మాండంగా సాగింది. ఫాల్ కూడా కుట్టించాను.

అయిదో రోజు మీటింగులో మైకు ఆపడం మర్చిపోయాను. మేనేజరు ఏవో లెక్కల తేడాలు చెబుతున్నారు. వెనక నుంచి గంభీరమైన గొంతు మోగింది.

“ప్రయాణికులకు మనవి! పదకొండు గంటలకు బయలుదేరవలసిన టీ, పాలు విరిగిన కారణంగా, ఇరవై నిమిషాలు ఆలస్యముగా నడచును. అంతరాయమునకు చింతిస్తున్నాము!”

మేనేజరు లెక్కలు చెప్పడం ఆపారు.

“మేడమ్, మీరు బస్టాండ్‌లో ఉన్నారా?” అన్నారు మేనేజరు.

“లేదు సార్, ఇంట్లోనే.”

“ఒకసారి కెమెరా తిప్పండి.”

తిప్పాను. బనియనూ లుంగీలో, నోటి ముందు గ్లాసుతో మామయ్య. తెర మీద కొత్త మనిషి కనిపించగానే ఆయనకు పాత అలవాటు తన్నుకొచ్చింది.

“ఎక్కడికి పోవాలె సార్?”

మేనేజరు తడుముకోకుండా, “తిరుమలాయపాలెం” అన్నారు. తర్వాత తనే సిగ్గుపడ్డారు. “అంటే... మాది ఆ ఊరే పెద్దాయనా. పండక్కి ఖమ్మంల దిగినంక పొద్దుగూకితే బస్సులు దొరుకుతయా?”

“అవ్, దొరుకుతయ్. కాని జల్దీ రావాలె. మీరు ఎన్నింటికి దిగుతరు?”

ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. మామయ్య నా కుర్చీలో, నేను తలుపు దగ్గర. లెక్కల తేడాల సంగతి ఎవరికీ గుర్తులేదు.

నాకు తల తీసేసినట్టయింది. “మామయ్యా, ఇకనుంచి నా మీటింగులప్పుడు నోరు విప్పకండి” అని గట్టిగానే అనేశాను. ఆయన లేచి వెళ్లారు. కాసేపటికి చూస్తే బోర్డు మీద అడ్డంగా రాసి ఉంది: ‘అన్ని సర్వీసులు రద్దు’.

మూడు రోజులు ఇంట్లో ప్రకటనలు వినిపించలేదు. అన్నం మాడింది. మెషీన్‌లో బట్టలు ముక్క వాసన పట్టాయి. నాలుగింటికి పెరుగన్నం తింటుంటే కోతులొచ్చి అరటిపళ్ల గెల పట్టుకుపోయాయి. రోజూ వాటి రాకను ముందే ప్రకటించి తలుపులు వేయించేది మామయ్యే.

“నాయన అలిగిండంటే సమ్మెల ఉన్నట్టే. చర్చలకు పిలువు” అన్నారు మా ఆయన నవ్వుతూ.

పిలిచాను. టీ పెట్టి, ఎదురుగా కూర్చుని, “తప్పయింది మామయ్యా, మీ ప్రకటనలు లేక నా రోజు ఆగిపోయింది” అన్నాను.

ఆయన టీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టారు. “నాదీ తప్పే. సిగ్నల్ సూడకుండ బండి వదిలిన. నీ తలుపుకు ఎర్ర తువ్వాల కట్టు. అది ఉన్నంతసేపు నేను ఆ గేటు దాట, నోరు ఇప్ప.”

ఆ ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది. తువ్వాలు తీయడం నేను మరిచిపోయిన రోజున మామయ్య నా గది తలుపు దగ్గర గ్లాసు పట్టుకుని గంటసేపైనా ఓపికగా నిలబడతారు. మేనేజరు మాత్రం మీటింగు అయ్యాక, “పెద్దాయన డ్యూటీలో ఉన్నడా?” అని అడుగుతుంటారు.

మొన్న బోర్డు చూస్తుంటే అనుమానం వచ్చింది. మధ్యాహ్నం రెండు నుంచి ఆయన నిద్రపోతారు. దానికి ఎక్కడా వేళలు లేవు.

“మీ నిద్ర రాయలేదేం మామయ్యా?”

దిండు సర్దుకుంటూ, “డిపోల ఉన్న బస్సుకు టైమింగ్ ఏందమ్మా!” అని అటు తిరిగి పడుకున్నారు.