ఎండు గాలిలో ఓడ ఇంజను

మా ఇంటామె పోయి నెల దాటింది. కిడ్నీల జబ్బు. రెండేళ్లు వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు తీసుకుపోయి తీసుకొచ్చిన అలసట ఇంకా నా ఒంట్లోంచి దిగలేదు. కాలేజీవాళ్లు సంచికకు నాలుగు మాటలు రాయమన్నారు. మీలో చాలామందికి ఆమె ఇంజన్ల పాఠం చెప్పిన మేడం. నాకు తెలిసినంత రాస్తాను.

ఆమె పరిశోధన ఓడల డీజిల్ ఇంజన్ల మీద. పెళ్లిళ్లలో బంధువులు వదిలేవాళ్లు కాదు. "కర్నూల్లో ఓడ యాడుండాది పాపా, తుంగభద్రలోనా?" అని మా చిన్నాన్న అడిగితే, "ఇంజనుకు కావాల్సింది నూనె, గాలి, నిప్పు. మూడూ ఈడ ఉండాయి మామా. గాలి యాడైనా గాలే," అనేది. ఆ చివరి మాట తప్పని తర్వాత ఆమే కనిపెట్టింది.

కాలేజీ వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డులో ఉన్నది ఒక్క సిలిండర్ ఇంజను. ఓడ ఇంజన్లో నూనె మండే తీరును ఇందులో చిన్నగా చూడొచ్చని చెప్పేది. సాయంత్రం చీర వాసనను బట్టి ఆ రోజు ఏ నూనె కాల్చిందో చెప్పగలిగేవాణ్ణి. కానుగ నూనె అయితే మాడిన శనక్కాయల వాసన. రోడ్డు మీద ఆటో స్టార్ట్ అయితే మాట ఆపి వినేది. "నూనె చిమ్మే నాజిల్ కారుతాంది," అని, ఆపిన చోటునుంచి మళ్లీ మాట్లాడేది.

డీజిల్‌లో కానుగ నూనె కలిపితే పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువులు తగ్గుతాయని ఆమె రాసిన పేపరుకు మంచి పేరొచ్చింది. ప్రొఫెసర్ పోస్టు ఇంటర్వ్యూ దగ్గరపడింది. అప్పుడు ఒక మధ్యాహ్నం షెడ్డు నుంచి తొందరగా వచ్చి, చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది.

"ఒట్టి డీజిల్ మే నెలలో కాల్చినానబ్బా. కానుగ కలిపింది వానల్లో కాల్చినా. తేమ గాలి పీలిస్తే ఇంజన్లో మంట వేడి తగ్గుతాది, ఆ వాయువులూ తగ్గుతాయి. గాలిలో తేమెంతో నేను రాసుకోనేలేదు."

"అయితే?"

"వాన చేసిన పనిని కానుగ చేసిందని రాసినా."

"ఇంటర్వ్యూ అయిపోనీలేమ్మే. ఇప్పుడెవరు అడిగినారు నిన్ను?" అన్నాను.

"నువ్వు గూడా ఇట్లనే అంటావా," అని లేచి చెప్పులు విప్పింది.

ఆ వారమే పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికకు రాసింది. పోస్టు వేరేవాళ్లకు పోయింది. నేను రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌కూ ఆమె మొదట చెప్పిన మాట మీకు గుర్తుండే ఉంటుంది: "ముందు ఈ రోజు గాలి ఎట్లుండాదో రాసుకోండి."

మరుసటి వేసవిలో మా ఇంటి కూలర్‌ను షెడ్డుకు మోయించింది. ఇంజను గాలి పీల్చే గొట్టం ముందు పెట్టి, తేమ కొలుస్తూ, రెండు నూనెలనూ ఒకే గాలిలో మళ్లీ కాల్చింది. మెకానిక్ భాయ్, "మా బేగంకే లేదు మేడం ఈ భోగం," అన్నాడట. "మా ఇంటాయనకు గూడా లేదు భాయ్. తడి టవల్ కప్పుకోని పండుకుంటాండాడు," అందట. ఇంటికొచ్చి చెప్పి నవ్వింది. నేను నవ్వలేదు.

జబ్బు తేలాక కూడా, డయాలిసిస్ లేని రోజుల్లో పోయి స్టూలు మీద కూర్చుని రీడింగులు తీసింది. కానుగతో మసి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం కొంచెం పెరుగుతాయి. చివరికి తేలింది ఇది. "చిన్నదే. కానీ సరిగ్గా ఉండాది," అంది. అదే ఆమె ఆఖరి పేపరు.

ఆ మధ్యాహ్నం నేనన్న మాట తప్పని ఆమెతో ఎప్పుడూ చెప్పలేదు. ఆస్పత్రిలో గంటల తరబడి పక్కనే కూర్చున్నాను. సమయం దొరకలేదని అనలేను. నీళ్లు కావాలా, కాళ్లు లాగుతున్నాయా అని అడిగేవాణ్ణి. అంతే.

మొన్న ఈ సంచిక కోసం ఆమె పేపర్ల జాబితాను సరిచూడమని కాలేజీలో ఒక లెక్చరర్ నా చేతికిచ్చాడు. అన్నిటికంటే పైన ఆ వెనక్కి తీసుకున్న పేపరే ఉంది.

"ఇది వద్దప్పా," అన్నాను.

"మేడంకు పేరు తెచ్చింది అదే కదా సార్. ఉండనీండి, పోయిన మనిషికి ఏం నష్టం?"

"ఆమే వద్దనుకుంది," అని కలం అడిగి తీసుకుని ఆ వరుస మీద గీత కొట్టాను. ఇంకు ఎక్కువ పడింది. మడిస్తే అంటుకుంటుందని, కాగితం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. ఈ ఊరి ఎండు గాలికి అది ఆరడానికి ఎంతోసేపు పట్టలేదు.