అవ్వ ఇత్తడి కుంచం, బాపు పైసల జీతం

మా చిన్నప్పుడు ఉగాది నాడు పచ్చడి రుచి నాలుక మీద ఉండగానే జీతగాళ్లంతా పటేలు వాకిట్లో చేరేవాళ్లు... ఏడాది జీతం ఆ రోజే తెగేది. మా బాపుకు నెలకు ఎనిమిది కుంచాల జొన్నలు, ఏడాదికో గొంగడి, చెప్పుల జత. కల్వకుర్తి దగ్గర మా ఊళ్లో అందరికీ గింజల జీతమే.

నేను మూడో తరగతిలో ఉన్న ఏడు మా బాపుకు రోషం పుట్టింది. ఇక గింజలు వద్దు, పైసలే తీసుకుంటానన్నాడు. అంతకుముందే కొత్త అంగీకి జేబు కుట్టించుకున్నాడు లెండి... జేబున్నాక అందులో ఏదో ఒకటి ఉండాలి కదా.

మా అవ్వ, అంటే బాపు తల్లి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి కుంచాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంట్లోకి వచ్చిన జొన్నలన్నీ దాంతోనే కొలిచేది.

"గింజలు గింజలే బిడ్డా. పైసలకు నిలకడ ఉండదు. ఇయ్యాల ఒక తీరు, రేపొక తీరు."

"పట్నం బోయినోల్లంత పైసలు జూస్తుంటే నేనొక్కన్నే మూట మోస్కుంట రావాల్నా అవ్వా?"

పటేలు ఒక్క మాట బేరమాడకుండా ఒప్పుకున్నాడు. ఎనిమిది కుంచాలకు ఆనాటి ధర కట్టి, అంత సొమ్మూ నెలనెలా ఇస్తానన్నాడు. చింతపండు దగ్గర కూడా బేరమాడే మనిషి... మాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. వాన మీదే పండే చెలకలన్నీ ఎండిపోయాయి. ఉన్న నాలుగు గింజలనూ బజారు సేట్లు కొట్లలో పోసి తాళాలు వేసుకున్నారు, ధర ఇంకా పెరుగుతుందని. దసరా నాటికి అవే పైసలకు నాలుగు కుంచాలే వచ్చాయి. బాపు జేబు మాత్రం ఉగాదికి ఎంత బరువుందో అంతే బరువుంది...

అమ్మ జొన్నరవ్వతో కాచే గట్కలో నీళ్లు పెంచుతూ పోయింది. మొదట్లో గరిట నిలబడేది, తర్వాత వాలింది, చివరికి మునిగింది. తను తిన్నానని చెప్పేది... ఆమె గిన్నెకు తడి ఉండేది కాదు. నన్ను బడి మాన్పించి, రోజుకు సోలెడు గింజలకు మేకలు కాయడానికి పంపారు. మళ్లీ బడి గడప తొక్కలేదు.

చదువు మాటకొస్తే... నేను చదివిందంతా పొట్లాల కాగితాలే. పల్లీలు తిని కాగితం చదివేవాణ్ణి. మిగతా సగం వార్త పక్కవాడి పొట్లానికి ఉండేది, వాడు తినేదాకా వదిలేవాణ్ణి కాదు. 'ద్రవ్యోల్బణం' అనే మాట అట్లా నూనె మరకల మధ్య దొరికింది. సరుకు తక్కువై, దాని వెంట పడే డబ్బు ఎక్కువైతే ధర పెరుగుతుందట, డబ్బు పలచబడుతుందట. పలచబడటమంటే నాకు ఒకరు చెప్పాలా... మా అమ్మ గట్క తాగినవాణ్ణి.

ఇంత తెలిసి నేనేం చేశానో వినండి. కరోనాకు ముందటేడు మోకాళ్లు మొరాయించి, బోరు కింది రెండెకరాలు మా ఊరి జంగయ్యకు కౌలుకిచ్చాను. ఏటా ఇన్ని బస్తాల వడ్లు కొలుస్తానన్నాడతను. వద్దు, ఎలుకలతో ఎవరు వేగుతారు, పైసలే ఇయ్యమన్నాను. ఏడేళ్లకూ ఒకటే ధర రాయించాను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకునేటప్పుడు కూడా బాపు గుర్తుకు రాలేదు...

తర్వాత ఎక్కడో సముద్రాల అవతల యుద్ధమన్నారు, మా పొయ్యి మీద నూనె ధర ఎగిరింది. డీజిల్ పెరిగిందన్నారు, లారీ కిరాయితో పాటు టమాటా పెరిగింది. కౌలు మాత్రం కాగితం మీద కదలకుండా కూర్చుంది.

మొన్న సూది కోసం వెతుకుతూ ఖాళీ పసుపు డబ్బా మూత తీశాను. లోపల ఒక బ్లేడు, సగం సగం కోసిన గోలీలు. మా ఇంటామె మణెమ్మ గుండె గోలీలు... రోజుకొకటి తప్పకూడదని డాక్టరు మరీ మరీ చెప్పినవి. ఎన్నాళ్ల నుంచని అడిగాను.

"ఎండకాలం సంది. సగం ఏస్కున్నా కొట్టుకుంటనే ఉంది గదా. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఆ గొంతు నాకు తెలుసు. తిన్నానని చెప్పే మా అమ్మ గొంతు.

మోకాళ్లు పట్టుకుంటూ జంగయ్య ఇంటికి పోయాను. నాకంటే చిన్నవాడికి చేతులు జోడించి, కౌలు జర పెంచమన్నాను. అతను కోపగించుకున్నా బాగుండేది...

"ఎరువు బస్తా, డీజిలు, కూలి, అన్ని వెరిగినయి కాకా. నాకేం మిగుల్తాంది? కాయిదం నువ్వే రాపిస్తివి గదా."

అందులో అబద్ధం లేదు. వాళ్లింట్లో ఏది సగమైందో నేనూ అడగలేదు.

చివరికి అవ్వ కుంచాన్ని సంచిలో వేసుకుని కల్వకుర్తి బస్సెక్కాను. పాత సామాను కొట్టు అబ్బాయి తూకం వేసి, ఇత్తడి ధర మస్తు పెరిగింది తాతా అన్నాడు సంబరంగా. నెల రోజుల గోలీలు వచ్చాయి... నిండువి. అవ్వ పోయి ఎన్నో ఏళ్లయినా ఆమె కుంచం ధర పెరుగుతూనే వచ్చింది. నేను సంతకం పెట్టిన ధర ఉన్నచోటే ఉంది.

ఇప్పుడు మణెమ్మను రోజూ ఎదురుగా కూర్చోబెట్టి నిండు గోలీ మింగిస్తున్నాను. వచ్చే నెలకు అమ్మడానికి ఇంట్లో ఇంకో కుంచం లేదు...

అప్పట్లో కరువు గట్కలో కనబడేది, గరిట పెడితే తెలిసేది. ఇప్పుడది డబ్బాల్లో దాక్కుంటోంది. ఈ రోజు మీ ఇంట్లో ఒక్కసారి ఆ మూతలు తీసి చూడండి... ఏం కనబడిందో కింద రాయండి. పొట్లాల కాగితాలే వదలకుండా చదివినవాణ్ణి, మీది చదవనా...