ముందు గుర్రం

కళ్లెం అత్త గుర్రం మీంచి పడలేదు. ఈ ముక్క ముందే చెప్పకపోతే ఆమె ఊరుకోదు. ముప్పై ఏళ్లకు పైగా కొండల్లో గుర్రాలు నడిపిన మనిషి, స్నానాల గదిలో సబ్బు మీద కాలేసి జారిపడి ఎడమ తుంటి విరగ్గొట్టుకుంది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ "గుర్రమేనా?" అని అడగడం, "కాదు, సబ్బు" అని చెప్పాల్సి రావడం ఆమెను విరిగిన ఎముక కంటే ఎక్కువ బాధపెట్టాయి. గుర్రం పడేసి ఉంటే పరువైనా దక్కేదని ఆస్పత్రి మంచం మీద తనను తానే తిట్టుకుంది. లోపల ప్లేటు పెట్టి స్క్రూలు బిగించామని డాక్టరు చెబితే, "లాడం కొట్టారన్నమాట. అయితే నడుస్తాను" అంది.

ఊరి చివర, రోడ్డు ఆగిపోయి కొండ మొదలయ్యే చోట వాళ్ల గుర్రపుశాల. పట్నాల నుంచి వచ్చేవాళ్లను గుర్రాల మీద అడవిలోకి తీసుకెళ్లి, రెండు మూడు రాత్రులు డేరాల్లో ఉంచి, క్షేమంగా కిందికి దించడం వాళ్ల బతుకుతెరువు. కొండదారి ఇరుకు. గుర్రాలన్నీ ఒకదాని వెనక ఒకటి నడవాల్సిందే. ఎక్కడ ఆగాలి, వాగు ఎక్కడ దాటాలి, డేరాలు ఎక్కడ వేయాలి అన్నీ ముందు గుర్రం మీది మనిషి ఇష్టం. మిగతావాళ్లు కిక్కురుమనకుండా వెనక రావాలి. ఆ ఇంట్లో పెద్దరికం అంటే వయసు కాదు, ముందు గుర్రమే.

ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి గుర్రాన్ని ముట్టుకుని ఎరగదు. పైగా పొట్టి. జీను మీద చెయ్యి వేయాలంటే మునివేళ్ల మీద లేవాలి. ముందు గుర్రం భర్తది. ఒక చలికాలం జ్వరం తగిలి ఆయన పోయాక, అది తనదేనని మరిది అనుకున్నాడు. నాదని ఆమె అంది. మరిది మర్యాదస్తుడు, మొహం మీద కాదనలేదు. కాదనే బదులు ఒక నియమం పెట్టాడు.

"అడవిలో కిందికి దిగితే మళ్లీ ఎక్కించేవాడెవడుంటాడు వదినా? పీట లేకుండా, గోడ పట్టుకోకుండా, ఎవరి చెయ్యీ అందుకోకుండా పెరట్లో ఎక్కి చూపించినవాళ్లదే ముందు గుర్రం. నీకైనా నాకైనా ఒకటే."

అంటూ అంటూ ఆమెను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూశాడు. తల నుంచి కాళ్ల దాకా చూడ్డానికి పెద్దగా ఏం లేదు.

ఆ చలికాలమంతా ఆమె జూలు పట్టుకుని ఎగరడం, కింద పడడం, లేచి మళ్లీ ఎగరడం. మోకాళ్లు, మోచేతులు నల్లగా కమిలిపోయాయి. ఎండలు మొదలయ్యాక అందరి ముందూ ఒక్క ఊపున ఎక్కి కూర్చుంది. మరిది మాట మీద నిలబడి పగ్గం ఆమె చేతికిచ్చాడు. అంతవరకు బాగానే ఉంది. తనను ఆపడానికి పెట్టిన నియమాన్ని ఆ తర్వాత ఆమే భుజాన వేసుకుంది. పనికి వచ్చిన ప్రతివాణ్నీ పెరట్లో నిలబెట్టి ఎక్కి చూపించమనేది. ఎక్కలేనివాడికి మూటలు మోయించేది. తన గుర్రానికి ఇంకొకరు కళ్లెం పెడితే ఒప్పుకోదు కాబట్టి కళ్లెం అత్త అన్నారని కొందరు, నోటికి కళ్లెం లేదు కాబట్టి అన్నారని ఇంకొందరు. రెండూ నిజమే.

ఆమె నియమం దెబ్బ బయటివాళ్లకే తగిలి ఉంటే ఈ కథ చెప్పనక్కర్లేదు. కూతురికీ తగిలింది. చిన్నప్పుడు గడ్డి అటక మీంచి పడితే పిల్ల కుడి మోచెయ్యి విరిగి వంకరగా అతుక్కుంది. ఆ చెయ్యి నిటారుగా చాపలేదు, దాంతో బరువు లాగలేదు. అయినా గుర్రాల దగ్గర ఆ పిల్లకు ఉన్న ఓపిక తల్లికి లేదు. పొగరుబోతు పిల్ల గుర్రాలు కూడా ఆమె వెనకే కుక్కపిల్లల్లా తిరిగేవి. వయసొచ్చాక తానూ ముందు నడుస్తానని అడిగింది. తల్లి పెరట్లో ఎక్కి చూపించమంది. పిల్ల పనివాళ్లందరి ముందూ ప్రయత్నించి, ఎక్కలేక, చెమటలు కక్కుకుంటూ నిలబడింది. "నియమం నియమమే" అంది అత్త. ఆ రోజు నుంచి కూతురు బుకింగ్ గదిలో ఫోన్ దగ్గర కూర్చుంది. పెళ్లయినా, పిల్లలు పుట్టినా ఆ కుర్చీ వదల్లేదు. మళ్లీ అడగనూ లేదు.

కానీ తెల్లవారుజామున, శాలలో ఎవరూ లేనప్పుడు, వెనక ప్రహరీ గోడ ఎక్కి అక్కణ్నుంచి గుర్రం మీదికి దిగేది. పిల్ల గుర్రాలన్నింటికీ నడక నేర్పింది ఆమే. వంటింటి కిటికీ దగ్గర టీ తాగుతూ అత్త అది చూసేది. చూసి, గ్లాసు కడుక్కుని, తన పనిలో పడేది.

ఇక ఈ ఏడు సంగతి. సీజన్ మొదటి రోజు, వచ్చినవాళ్లు బయట సామాను దించుకుంటుంటే, పెరట్లో అందరూ చేరారు. అత్త తన బూడిద రంగు ఆడగుర్రానికి కళ్లెం పెట్టి మధ్యలోకి తెచ్చింది. గుర్రం రాయిలా నిలబడింది, పాపం, తనకు చేతనైన సాయం అదే. అత్త ఎడమ కాలు ఎత్తింది. రికాబు దాకా పోలేదు. చేత్తో మోకాలు పట్టుకుని పాదం రికాబులో పెట్టింది. బరువు వేయగానే తుంటిలో మంట లేచి కాలు జారింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ జారింది. గోడవారగా కుర్చీలో కూర్చున్న మరిది నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు.

"నియమం నియమమే కదా వదినా."

ఎత్తిపొడుపు కూడా లేదు ఆ గొంతులో. ఉంటే తిట్టడానికైనా వీలుండేది. ముందు గుర్రం మరిది కొడుక్కి వెళ్లింది. కుర్రవాడు కాదు, నలభై దాటినవాడు, మంచివాడే. మొహమాటంగా దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, నేను పట్టుకుంటా, ఎక్కు. మాతోపాటు వెనకాల రా" అన్నాడు.

"పట్టుకుని ఎక్కించడానికి నేనేమైనా కస్టమర్నా? నడిచే వస్తాను. వంట నాది."

"డాక్టరు ఏమన్నాడు మరి?"

"నడవమన్నాడు. ఎంత దూరమో చెప్పలేదు."

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని వెనక ఎవరో గొణిగారు. అత్త వినిపించుకున్నట్టే కనిపించలేదు. బుకింగ్ గదికి తాళం వేసి కూతురు బయటికొచ్చింది. "నేనూ వస్తున్నా. ఈవిడ మధ్యలో కూలబడితే మోసేదెవరు? ఎర్రదానికీ కొండ అలవాటవుతుంది" అంది. ఎర్రది ఆమె కొత్తగా తీర్చిదిద్దిన పిల్ల గుర్రం.

అలా ఆ రోజు కొండ మీదికి ఒక వింత ఊరేగింపు పోయింది. ముందు మరిది కొడుకు, వెనక పట్నం మనుషులు, ఆ వెనక డేరాలూ గిన్నెలూ మోసే కంచరగాడిదలు, అన్నింటికన్నా చివర జీను వేసిన గుర్రాలను చేత పట్టుకుని కాలినడకన ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు చెయ్యి అందుకుంటే ఎక్కవచ్చు, అందుకోరు. రెండోవారూ అంతే. తల్లికి తగ్గ కూతురని ఊరికే అనరు.

సాయంత్రానికి చెట్ల మధ్య గడ్డి మైదానంలో డేరాలు లేచాయి. రెండు చెట్లకు తల ఎత్తున తాడు కట్టి గుర్రాలన్నింటినీ దానికి కట్టేశారు. వాగు చప్పుడు, తడి కర్ర పొగ, గుర్రాలు దాణా నమిలే శబ్దం. అత్త టీ కాచి అందరికీ పోసి, ఒక మూట మీద కూలబడింది. కాలు చాపలేక, ముడవలేక అవస్థ పడుతుంటే కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"అబద్ధం."

అత్త పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది. ఆమెకు క్షమాపణలు చెప్పడం రాదు, నేర్చుకోలేదు. నేర్చుకోని మనిషి నోరు తెరిస్తే ఏమొస్తుందో అదే వచ్చింది. "పొద్దున్నే గోడెక్కేదానివి కదా. ఇంకా ఎక్కుతున్నావా?"

కూతురు చేతిలో గ్లాసు ఆగింది. "నువ్వు చూసేదానివా?"

"వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని."

"ఇన్నేళ్లూనా?"

అత్త పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది. కూతురు మిగిలిన టీ గడ్డిలో పారబోసి, లేచి డేరాలోకి పోయింది. పొగ వల్లనో కాదో గాని అత్త కళ్లు మండాయి. తప్పు తనదేనని ఆమెకు తెలుసు. తెలిసి చాలా కాలమైంది కూడా. తనదాకా వస్తే గాని ఎవరికీ నొప్పి తెలియదంటారు గాని, కూతురి నొప్పి ఆమెకు తెలియక కాదు. తెలిసినా నియమమే తియ్యగా ఉండింది, అది గెలుచుకున్నది తాను కాబట్టి.

పొద్దున డేరాలు విప్పారు. మైదానం అంచున నడుము ఎత్తు బండ ఒకటుంది. పట్నం మనుషులు దాని మీద నిలబడి గుర్రాలెక్కుతారు. ఎన్ని సీజన్ల నుంచో వాళ్ల రికాబు పట్టుకుని నిలబడేది అత్తే, ఆ రోజూ నిలబడింది. పళ్ల డాక్టరమ్మ ఒకావిడ, భారీ మనిషి, ఒగరుస్తూ బండెక్కి, అక్కణ్నుంచి హాయిగా జీను మీదికి జరిగి, చీమ కుట్టినట్టయినా లేకుండా జుట్టు సర్దుకుంది.

"డాక్టరమ్మా, అడుగుతున్నానని ఏమనుకోవద్దు. ఇలా ఎక్కడానికి మీకు సిగ్గేయదా?" అంది అత్త. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

డాక్టరమ్మకు ప్రశ్న అర్థం కాలేదు. "సిగ్గెందుకండీ? రాయి ఉంది కదా" అంది.

అత్త బండ వైపు చూసింది. తర్వాత చుట్టూ చూసింది. పడిపోయిన మాను. దాని పక్కన నరికిన మొద్దు. వాగు ఒడ్డున గట్టు. దారి పొడవునా ఒకదాన్ని మించినది ఒకటి, రాళ్లు. ఎక్కించేవాడు లేడని మరిది భయపెట్టిన అడవి ఇది. ఎక్కడానికి ఏమీ లేని చోటు ఈ భూమ్మీద ఒక్కటే ఉంది, ఊడ్చి చదును చేసిన వాళ్ల పెరటి నడిమధ్య. పరీక్ష పెట్టింది అక్కడ. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లు తట్టనందుకు ఆమెకు ముందు తన మీద, తర్వాత మరిది మీద, ఆఖరికి ఆ బండ మీద కూడా కోపం వచ్చింది.

బూడిద గుర్రాన్ని తెచ్చి బండ పక్కన నిలబెట్టింది. చేతులు ఆనించి, కుడి మోకాలు పెట్టి, అందరూ చూస్తుండగా పాకుతూ బండెక్కింది. చూడ్డానికి ఏమంత బాగాలేదు. బాగుండాలని ఆమె అనుకోనూ లేదు. పైకి లేచి, జీను పట్టుకుని, కుడి కాలు అవతలికి వేసి కూర్చుంది. తుంటి కలుక్కుమంది, ఓర్చుకుంది. గుర్రాన్ని నడిపించుకుంటూ వరస ముందుకు పోయింది.

"తప్పుకో నాయనా. ముందు నేను నడుస్తా."

మరిది కొడుకు ఇబ్బందిగా కదిలాడు. "పెద్దమ్మా, నియమం…"

"ఆ నియమం పెట్టింది మీ నాన్న, నన్ను ఆపడానికి. నిలబెట్టింది నేను, బుద్ధి గడ్డి తిని. ఇవాళ్టితో అది లేదు."

"నాన్నకు ఏం చెప్పను?"

"అడవిలో రాళ్లున్నాయని చెప్పు."

"అలాగైతే ఎవరు పడితే వాళ్లు ఎక్కేస్తారు కదా."

"ఎక్కనీ." అత్త జీను మీదే వెనక్కి తిరిగింది. కంచరగాడిదల అవతల ఎర్రదాని పగ్గం పట్టుకుని కూతురు నిలబడి ఉంది. "ఏమే, రావేం? బండ ఇక్కడే ఉంది."

కూతురు వెంటనే కదల్లేదు. అందరూ ఆమె వైపే చూస్తున్నారు, ఆనాడు పెరట్లో చూసినట్టే. తర్వాత ఎర్రదాన్ని నడిపించుకుంటూ వచ్చింది. ఎడమ చేత్తో జూలు పట్టుకుని, బండ మీంచి ఒక్క అడుగులో జీనులోకి దిగింది. ఆ వంకర చెయ్యి అవసరమే పడలేదు. గుర్రం చెవులు నిక్కించింది తప్ప బెదరలేదు. పనివాళ్లలో ఎవరో "అబ్బో" అన్నారు. అత్తకు గుండె నిండిపోయింది. తాను పెద్ద మనసు చేసుకుని ఇచ్చింది పిల్ల అందుకుందని మురిసిపోయింది కూడా.

కూతురు ఆమె వెనక ఆగలేదు. పక్కనుంచి వచ్చి, ఎర్రదాన్ని బూడిదదాని ముందుకు తిప్పి నిలబెట్టింది.

"నువ్వు వెనక రా అమ్మా."

"నేనెక్కింది ముందు నడవడానికి."

"నేనూ అందుకే ఎక్కా." కూతురు పగ్గం సర్దుకుంది. "నేను గోడెక్కుతుంటే ఇన్నేళ్లు కిటికీలోంచి చూశావు కదా. ఇవాళ ముందు నడుస్తుంటే కూడా చూడు."

అత్తకు ఒళ్లు మండింది. ఈ తిరుగుబాటు తనది, పొద్దున్నే పాకుతూ బండెక్కి సంపాదించుకున్నది, దాన్ని ఇంకా పూర్తిగా అనుభవించనైనా లేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు, అది తన కడుపునే పుడుతుందని ఎవరూ చెప్పలేదు. మడమ తగిలించి ముందుకు తోసుకుపోదామనుకుంది. దారి ఇద్దరికి చాలదు. మరిది కొడుకు నవ్వు దాచుకోవడానికి జీను పట్టీ సరిచూసుకుంటున్నాడు.

ఎర్రది కదిలింది. దాని వెనక బూడిదది తనంతట తానే నడిచింది. ఇన్నేళ్లలో మొదటిసారి, జీను మీద కూర్చున్న అత్త కళ్ల ముందు ఖాళీ దారికి బదులు ఒక గుర్రం తోక, దాని పైన కూతురి వీపు. ఆ వీపు ఎంత తిన్నగా ఉందో ఆమె ఒప్పుకోక తప్పలేదు. వాగు దగ్గర దారి రెండుగా చీలింది.

"పై దారి పట్టవే. కిందంతా బురద" అని అరిచింది అత్త.

కూతురు వెనక్కి తిరగలేదు. ఎర్రదాని మెడ నిమిరి కింది దారి పట్టింది. కళ్లెం అత్త నోటికి వచ్చిన తిట్లన్నీ తిట్టుకుంటూ, పగ్గం వదులు చేసి, కూతురి వెనకే బురదలోకి దిగింది.