సైరన్ కూసిన చిలుక

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక చిలుక సైరన్ కూసేది. పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్‌ను అచ్చం అలాగే ఎత్తుకుని, చివర్లో అంతే నీరసంగా దించేది. నైట్ షిఫ్టు చేసి పడుకున్న మా నాయన రెండుసార్లు ఉలిక్కిపడి లేచి చొక్కా వెతుక్కున్నాడు. కాలనీకి ఇదొక వేడుకైంది. సాయంత్రమైతే పిల్లలంతా మా క్వార్టర్ వెనక వరండా ముందు చేరి, కూయమని దాన్ని బతిమాలేవాళ్ళు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

మా నాయనది వరంగల్ వైపు. ప్లాంటులో ఉద్యోగం రాకముందు చర్ల అవతల అడవిలో రోడ్డు పనికి వెళ్ళి, అక్కడి కోయ పల్లెలో మా అమ్మను ఇష్టపడి చేసుకున్నాడు. కాలనీకి వచ్చేనాటికి అమ్మకు తెలుగు కొద్దిగానే వచ్చు. నీళ్ళ దగ్గర, రేషన్ షాపు దగ్గర ఆమె నోరు విప్పితే ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. అందుకని అమ్మ తలూపడం నేర్చుకుంది. నాయన చెడ్డవాడేమీ కాదు. ఏనాడూ ఆమె మీద చెయ్యెత్తలేదు. పిల్ల బడిలో వెనకబడకూడదు, దానికి తెలుగే రావాలి, ఇంట్లో మీ మాట వద్దు అని మాత్రం నేను పుట్టినప్పుడే చెప్పేశాడు. మంచికే చెప్పాడని అందరూ అన్నారు. అలా మా అమ్మ నన్ను తనకు సరిగా రాని భాషలో పెంచింది. అంటే నాతో దాదాపు మాట్లాడకుండానే పెంచింది.

నాకు పదేళ్ళప్పుడు, ఎండలు ఇంకా ముదరకముందు, అమ్మ వాళ్ళ ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాం. భద్రాచలం దాకా ఒక బస్సు, చర్ల దాకా ఇంకొక బస్సు, ఆ తర్వాత నడక. ఊరి చివర ఒక ముసలి ఇప్పచెట్టు తొర్రల్లో చిలుకలు పిల్లలను పెట్టాయి. అమ్మ తమ్ముడు, మా మామ, పొద్దున్నే నన్ను ఆ చెట్టు కింద కూర్చోబెట్టి కళ్ళు మూసుకుని వినమన్నాడు. మేతకు వెళ్ళిన తల్లి తిరిగొచ్చి, తొర్ర మీద వాలేముందు ఒక కూత కూస్తుంది. లోపలి నుంచి పిల్లలు దానికి పలుకుతాయి. పక్క తొర్ర తల్లి కూత వేరు, దానికి ఈ పిల్లలు పలకవు. మొదట నాకు అన్నీ ఒక్కలాగే వినిపించాయి. మూడో రోజుకు తేడా తెలిసింది. రెక్కలొచ్చాక పిల్లలు పెద్ద గుంపులో కలుస్తాయనీ, అంత గోలలోనూ తల్లి తన పిల్లను ఆ కూతతోనే పోల్చుకుంటుందనీ, గుంపుతో తిరిగి తిరిగి గుంపు కూత కూడా పట్టుకుంటాయనీ మామ తనకు వచ్చిన తెలుగులో ఓపిగ్గా చెప్పాడు. ఆయన బడి మొహం చూడలేదు. చిన్నప్పటి నుంచీ చేను కాపలా కాస్తూ విన్నదే ఆయన చదువు.

అంతా విని నేను అడిగింది ఏమిటంటే, నాకొక పిల్ల కావాలని. మామ వద్దన్నాడు. తల్లి కూత దాని గొంతుకు ఇంకా ఎక్కలేదు, ఇప్పుడే తీస్తే అది ఎటూ కాకుండా పోతుందన్నాడు. నేను అన్నం మానేశాను. రెండు పూటలు చూసి మూడో పూట మామ చెట్టెక్కాడు. అంత తెలిసిన మనిషి మేనకోడలి ఏడుపుకు లొంగిపోయాడు. ఈకలు పూర్తిగా రాని ఆ పిల్లను గంపలో పెట్టుకుని మేం తిరుగు బస్సెక్కాం.

దానికి ‘నమస్తే’ నేర్పాలని నా పట్టుదల. బడికి పోయేముందు పదిసార్లు, వచ్చాక పదిసార్లు చెప్పేదాన్ని. పచ్చిమిరపకాయ చూపించి ఆశపెట్టేదాన్ని. అది మెడ పక్కకు వంచి ఒంటికన్నుతో నన్ను చూసేదే తప్ప పలికేది కాదు. దానికి బదులు సైరన్ పట్టుకుంది, వీధిలో బోరింగు కీచుమనే చప్పుడు పట్టుకుంది. ఒకరోజు బడి మధ్యాహ్నమే విడిచిపెట్టారు. ఇంటికొస్తే వెనక వరండాలో ఎవరో ఆడమనిషి గలగలా మాట్లాడుతోంది, మధ్యలో నవ్వుతోంది. చుట్టాలెవరో అనుకుని తలుపు సందులోంచి చూశాను. మా అమ్మ. పంజరం పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ, చిలుకతో తన మాటలో ఏవేవో చెప్పుకుపోతోంది. ఆమె ఆగినప్పుడల్లా అది గొంతులో చిన్నగా ఏదో అంటోంది. మా అమ్మకు అన్ని మాటలు వచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. నన్ను చూడగానే ఆపేసి, కాళ్ళు కడుక్కోమంది.

కొన్నాళ్ళకు, పొద్దుగూకే వేళ, చిలుక అమ్మ గొంతుతో ఒక కోయ మాట పలికింది. దానికి అర్థమేమిటని అడిగితే అమ్మ సిగ్గుపడుతూ చెప్పింది. చీకటి పడుతున్నప్పుడు వాళ్ళమ్మ ఇంటి ముందు నిలబడి, అడవిలోంచి ఇంకా రాని పిల్లలను ఇంటికి రమ్మని పిలిచే మాటట. ఆ మాటను ఇక్కడ రాయను. తెలుగులో రాస్తే ఎక్కడో తప్పు రాస్తానని నాకు భయం.

పక్క క్వార్టర్‌లో ఒక అక్క ఉండేది. నాకంటే మూడు క్లాసులు పెద్దది. ఆమె జడ ఎలా వేసుకుంటే నేనూ అలా వేసుకునేదాన్ని. ఒక సాయంత్రం ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటబెట్టుకుని సైరన్ చిలుకను చూపిద్దామని వచ్చింది. ఆ రోజు అది సైరన్ కూయలేదు. అమ్మ మాటే పలికింది, రెండుసార్లు. స్నేహితురాళ్ళు కిసుక్కున నవ్వారు.

“గిదేం మాటనే? మీ అమ్మ నేర్పిందా?” అంది అక్క.

“మా అమ్మ కాదు, అంట్లు తోమేటామె నేర్పింది” అన్నాను.

మా ఇంట్లో అంట్లు తోమేది మా అమ్మే. ఆ సంగతి అక్కకూ తెలుసు. వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. తల తిప్పితే గుమ్మంలో అమ్మ, చేతిలో మూడు స్టీలు గ్లాసుల నీళ్ళతో నిలబడి ఉంది. ఆ మాత్రం తెలుగు ఆమెకు వచ్చు. గ్లాసులు ఒక్కొక్కరి చేతికిచ్చి, వాళ్ళు తాగేదాకా ఆగి, ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

అమ్మ నన్ను రెండు దెబ్బలు వేసినా బాగుండేది. మర్నాటి నుంచి పంజరంలో గింజలు వేసేది, నీళ్ళు పోసేది, లేచి వెళ్ళిపోయేది. చిలుక పొద్దుగూకితే ఆ మాటతో పిలిచి, వంటింటి వైపు చూసి, మళ్ళీ పిలిచేది. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వచ్చేది కాదు. నెలా రెండు నెలలకు అది కూడా మానేసింది. మిగిలింది సైరన్ ఒక్కటే. ఎవరైనా వస్తే పరువు పోయే భయం తప్పిందని నేను సంతోషించాను, అది కూడా దాచుకోను.

జొన్న కంకులు పాలు పట్టే రోజుల్లో మామ మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు. పంజరం ముందు చాలాసేపు కూర్చున్నాడు. దీన్ని గుంపులో వదిలేద్దాం, ఇప్పుడన్నా కలుస్తుందేమో అని అమ్మనూ నన్నూ ఊరికి తీసుకెళ్ళాడు. చేను కంచె గుంజ మీద దాన్ని ఉంచి మేం దూరంగా కూర్చున్నాం. కాసేపటికి చిలుకల గుంపు వచ్చి కంకుల మీద వాలింది. మా చిలుక ఒళ్ళంతా బిగించి వాటినే చూసింది. ముందుకు ఒక అడుగు వేసింది. తర్వాత నోరు తెరిచి, తనకు వచ్చినదాన్నంతా కూడగట్టుకుని సైరన్ కూసింది. గుంపు మొత్తం ఒక్కసారిగా లేచిపోయింది. తిరిగి వచ్చి చేను అవతలి కొసన వాలింది. ఇది మళ్ళీ కూసింది, అవి మళ్ళీ లేచాయి. నాకు నవ్వు రాలేదు.

మామ నా వైపు తిరిగి, కోపం లేకుండానే చెప్పాడు.

“చిలక ఒక్కతే ఉండి నేర్వది బిడ్డా. పక్కన ఎవరుంటే వాళ్ళతోని నేరుస్తది. అది పిలిస్తే జవాబియ్యాలె. జవాబిచ్చేటోళ్ళు లేకుంటే వచ్చింది గూడ మర్చిపోతది.”

తర్వాత అమ్మను, నువ్వు దీనితో మాట్లాడలేదా అక్కా అని అడిగాడు. నేను తల వంచుకున్నాను. నా గుట్టు ఆమె చేతిలో ఉంది. తన సొంత తమ్ముడికి, తన సొంత ఊళ్ళో, నాకు అర్థం కావాలనేమో, అమ్మ తెలుగులోనే జవాబు చెప్పింది.

“పని ఎక్కువైంది. తీరలేదు.”

చిలుక రెండు రోజులు కంచె మీదా గుడిసె చూరు మీదా ఒంటరిగా తిరిగింది. మూడో రోజు కనిపించలేదు. గుంపులో కలిసి ఉంటుందిలే అన్నాడు మామ. ఆయన నమ్మి అన్న మాట కాదది.

నేను చదువుకున్నాను. ప్లాంటు ఆఫీసులోనే టైపిస్టుగా చేరి రిటైరయ్యాను. అమ్మ తెలుగు తర్వాత బాగుపడింది, నా పిల్లలతో బాగానే మాట్లాడేది. తన మాట మాత్రం ఆ వరండా తర్వాత మా ఇంట్లో మళ్ళీ వినిపించలేదు. నేనూ నేర్పమని అడగలేదు. అడిగితే ఆ సాయంత్రం సంగతి ఎత్తాల్సి వస్తుందని యాభై ఏళ్ళు తప్పించుకు తిరిగాను.

కొన్నేళ్ళ కిందట అమ్మకు పక్షవాతం వచ్చింది. కొత్తగూడెం దవాఖానాలో చేర్చాం. కళ్ళు తెరిచేసరికి తెలుగు పోయింది, పుట్టినప్పటి మాట ఒక్కటే మిగిలింది. నాయన లేడు, మామ లేడు. ఆమె ఏదో అడుగుతుంది, నేను నీళ్ళిస్తాను. కాదని తల తిప్పుతుంది, నేను దుప్పటి కప్పుతాను. పెద్దమ్మ ఏమంటున్నదని నర్సు అడిగితే తెలియదన్నాను. ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసి, మీ అమ్మనే కదా అంది.

“అవ్, మా అమ్మనే” అన్నాను. ఆనాడు పక్కింటి అక్కకు చెప్పాల్సిన జవాబు అది.

చర్ల నుంచి వచ్చిన, కోయ మాట తెలిసిన ఒకామె పక్క మంచం మీద ఉండేది. బతిమాలితే వచ్చి అమ్మ మాటలు కాసేపు విని, చెప్పడానికి మొహమాటపడింది. ఈ పక్కన కూర్చున్నది ఎవరు, ఎంత పిలిచినా పలకదేం అని అడుగుతోందట. ఆమె మర్నాడు డిశ్చార్జి అయి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం, కిటికీలో వెలుగు తగ్గుతున్నప్పుడు, నాకు వచ్చిన ఒక్క కోయ మాట అమ్మ చెవి దగ్గర అన్నాను. చిలుక అన్నట్టే అన్నాను, దాని దగ్గరే కదా నేర్చుకున్నది. అమ్మ చప్పున నా వైపు తిరిగింది. నా చెయ్యి పట్టుకుని మాట్లాడడం మొదలుపెట్టింది. చాలాసేపు మాట్లాడింది, మధ్యలో నవ్వింది. ఆ వరండాలో విన్న గొంతే. తర్వాత ఆగి, నా జవాబు కోసం చూసింది. నా దగ్గర ఇంకేముంది, మళ్ళీ అదే మాట అన్నాను. ఆమె ఈసారి కొంచెమే మాట్లాడింది. మూడోసారీ అదే అన్నాను. అమ్మ నా చెయ్యి మెల్లగా వదిలేసి అటు తిరిగి పడుకుంది. రెండు రోజులకు పోయింది.

ఇప్పటికీ పొద్దుగూకితే ఆ మాట నా నోటి దాకా వస్తుంది. పైకి అనను. ఆ రోజు నేను అంటే మా అమ్మ పలికింది, ఆమెకు నేనే జవాబు చెప్పలేకపోయాను.