జీడిమెట్ల దాకా వినపడాలి

మా బాబాయి జీడిమెట్ల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు బాయిలర్ నడిపాడు. ఎడమ కన్ను మూసి, తల వంచి వింటే చాలు, మూడు షెడ్ల అవతల ఏ పైపు ఆవిరి వదులుతోందో చెప్పేసేవాడు. చివరికి చెవులు మందగించాయని చెప్పి ఆయన్ని ఇంటికి పంపేశారు. ఆ మాట ఆయన ఒక్కనాడూ ఒప్పుకోలేదు.

ఓసారి మాదాపూర్‌లో కచేరీకి తీసుకెళ్లాను. జాజ్ శాక్సఫోను, నాలుగు వయొలిన్లు, వెనక తాటిచెట్లంత గొట్టాల్లోకి గాలి తోసి మోగించే పైప్ ఆర్గన్. అది మోగేసరికి పక్కనున్న ఐటీ టవరు జానెడు జరిగిందని నా అనుమానం.

అంతలో బాబాయి ఎడమ కన్ను మూసి లేచాడు.

"ఆపుండ్రి! ఎడమ దిక్కు మూడో గొట్టం కింద గాలి పోతుంది!"

హాలంతా ఉష్‌మంది. ఆ గాలికి ఇంకో ఆర్గన్ మోగేది. నిర్వాహకుడు పరుగెత్తుకొచ్చాడు.

"కూర్చోండి అంకుల్, మీకు సరిగ్గా వినపడటం లేదేమోనండీ."

"కూసోను. ముప్పయ్యేండ్లు గిదే ఇన్న."

ఆర్గన్ వాయిస్తున్నావిడ ఆపేసి, ఆ గొట్టం కిందికి వంగి చూసింది. ఆమె జుట్టు తుపానులో చిక్కినట్టు లేచింది. చున్నీతో సందు బిగించి, బాబాయికి దండం పెట్టింది.

నిర్వాహకుడు ఆయన చెవిలో, "సారీ అంకుల్" అని గొణిగాడు.

"జర గట్టిగ చెప్పు బిడ్డా," అన్నాడు బాబాయి. "జీడిమెట్ల దాకా ఇనపడాలె."